జెండా పడే దెబ్బలు, జెండా పడని దెబ్బలు

మీ బాబు ఏడో తరగతిలోకి వస్తున్నాడు, ఆగస్టులో స్కూల్ ఫుట్‌బాల్ (ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్) టీమ్‌లో చేరతానంటున్నాడు. మీరు సరే అన్నారు, వాళ్ళమ్మగారు ససేమిరా అంటున్నారు. కాలేజ్ మ్యాచ్‌లో హెల్మెట్‌తో గుద్దిన ఆటగాణ్ణి అప్పటికప్పుడు బయటికి పంపేయడం ఇద్దరూ టీవీలో చూశారు. "రూల్స్ ఇంత స్ట్రిక్ట్‌గా ఉంటే ఇక భయమెందుకు" అని మీరంటున్నారు. అదే దెబ్బ చూసి ఆవిడ ఇంకా హడలిపోయారు. ఎవరి మాట సబబు అని అడిగారు.

నేను డాలస్ చుట్టుపక్కల స్కూళ్ళలో చాలా ఏళ్ళుగా అథ్లెటిక్ ట్రైనర్‌గా పనిచేస్తున్నాను. జిమ్‌లో కసరత్తు చేయించే ట్రైనర్ వేరు, మేం వేరు. పిల్లాడు కింద పడి లేవకపోతే గ్రౌండ్‌లోకి ముందు పరిగెత్తేది మేమే. ఆడాలా కూర్చోవాలా అని అక్కడికక్కడ తేల్చాల్సిందీ మేమే.

రూల్స్ వల్ల చాలా మేలు జరిగిందన్న మీ మాట నిజం. ఆవిడ భయమూ న్యాయమైనదే. కాకపోతే ఆవిడ భయపడుతున్నది టీవీలో కనిపించిన దెబ్బకి. దానికి రూల్ ఉంది, రిఫరీ ఉన్నాడు, కెమెరాలున్నాయి. తప్పు జరిగితే రిఫరీ పసుపు జెండా విసురుతాడు. మీవాడి విషయంలో నాకు ఎక్కువ దిగులు కలిగించేవి ఆ జెండా పడని దెబ్బలు. ఆటలో భాగంగా, రూల్ ప్రకారమే, రోజూ ప్రాక్టీస్‌లో తగిలేవి. వాటిని తగ్గించడం రిఫరీ చేతుల్లో లేదు. కోచ్ చేతుల్లో ఉంది, కొంత మీ చేతుల్లోనూ ఉంది.

ముందు మీరు చూసిన టార్గెటింగ్ సంగతి చెబుతాను. కాలేజ్ ఫుట్‌బాల్లో ఈ రూల్ 2008లో వచ్చింది. ఆటగాణ్ణి బయటికి పంపేయడం 2013లో మొదలైంది. దీంట్లో రెండు వేర్వేరు తప్పులున్నాయి. హెల్మెట్ నడినెత్తి భాగంతో ఎదుటివాణ్ణి బలంగా గుద్దడం ఒకటి. అది తలకే తగలక్కర్లేదు, పొట్టకి తగిలినా తప్పే. తనని తాను కాచుకునే స్థితిలో లేనివాడి తల మీదో మెడ మీదో బలంగా కొట్టడం రెండోది. బంతి విసురుతున్న క్వార్టర్‌బ్యాక్, గాల్లోకి ఎగిరి బంతి అందుకుంటున్న రిసీవర్, కింద పడి ఉన్నవాడు, వీళ్ళంతా ఆ లెక్కలోకి వస్తారు. శిక్ష వాడి జట్టుకి 15 గజాల నష్టం, కొట్టినవాడు ఆటలోంచి అవుట్. సెకండ్ హాఫ్‌లో చేస్తే తర్వాతి మ్యాచ్‌లో ఫస్ట్ హాఫ్ కూడా బెంచీ మీదే అని 2013లో పెట్టారు. మిగతా రాష్ట్రాల హైస్కూళ్ళు వేరే రూల్ బుక్ వాడతాయి. టెక్సాస్ పబ్లిక్ స్కూళ్ళు మాత్రం కాలేజ్ రూల్ బుక్కునే కొన్ని మార్పులతో వాడతాయి. కాబట్టి శనివారం టీవీలో చూసే ఆటకీ శుక్రవారం రాత్రి మన ఊరి స్టేడియంలో చూసే ఆటకీ రూల్స్‌లో పెద్ద తేడా ఉండదు.

పొట్టకి తగిలినా తప్పేనా అని చాలామంది నాన్నలు నన్ను అడుగుతారు. అవును, ఎందుకంటే ఆ రూల్ కాపాడేది ముఖ్యంగా కొట్టేవాణ్ణే. మెడ వెనక చెయ్యి పెట్టి చూసుకోండి. గడ్డం పైకెత్తి ఎదురుగా చూస్తున్నప్పుడు మెడ ఎముకలు కొంచెం లోపలికి వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపు ఉన్నంతసేపూ దెబ్బ తాకిడిని కండరాలూ కీళ్ళూ పంచుకుంటాయి. ఇప్పుడు గడ్డాన్ని కాస్త కిందికి దించండి. సుమారు 30 డిగ్రీలు దించేసరికి ఆ వంపు పోయి ఎముకలన్నీ ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా నిలబడతాయి. ఆ స్థితిలో నడినెత్తి దేనికైనా గుద్దుకుంటే తల ఆగిపోతుంది, వెనకనుంచి ఒంటి బరువంతా వచ్చి మెడ మీద పడుతుంది. పంచుకోవడానికి ఏమీ ఉండదు. ఎముక పగులుతుంది, లోపల వెన్నుపాము నలుగుతుంది. 2017 డిసెంబర్‌లో సిన్సినాటీలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆటగాడు రయన్ షేజియర్‌కి జరిగిందిదే. అతను తల వంచి టాకిల్ చేశాడు, అంటే ఎదుటివాణ్ణి పట్టి పడగొట్టబోయాడు, ఆ తర్వాత కాళ్ళు కదల్లేదు. నెలల తరబడి కష్టపడి మళ్ళీ నడవగలిగాడు గానీ ఆట అంతటితో ముగిసింది. ఎదుటివాడికి చెప్పుకోదగ్గ దెబ్బేమీ లేదు.

మన కబడ్డీ తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రైడర్ తొడ పట్టేవాడు కళ్ళు అతని మీదే ఉంచి, తల పక్కకి తీసి, భుజం ఆనించి పట్టేస్తాడు. నెత్తితో ఎవడూ గుద్దడు, గుద్దితే నెప్పి తనకే కాబట్టి. ఫుట్‌బాల్లో కూడా తోలు టోపీలు పెట్టుకుని ఆడినన్నాళ్ళూ తలని కొంత కాచుకునేవాళ్ళు. 1950లు, 60లలో గట్టి ప్లాస్టిక్ హెల్మెట్, ముఖానికి ఊచల కవచం వచ్చాక ఆ నెప్పి పోయింది, దాంతోపాటు భయమూ పోయింది. తలతోనే ముందు తాకమని కోచ్‌లు నేర్పించారు. కాపాడడానికి వచ్చిన వస్తువే కొట్టడానికి పనికొచ్చింది. 1968 ఒక్క ఏడాదిలో ఆటలో తగిలిన దెబ్బల వల్ల నేరుగా చనిపోయినవాళ్ళు 36 మంది.

ఈ ఆటకి చావులు కొత్త కాదు. 1905 సీజన్‌లో కనీసం 18 మంది చనిపోయారని అప్పటి పత్రికలు లెక్క రాశాయి. ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే బంతిని ముందుకి విసరడాన్ని రూల్స్‌లోకి తెచ్చారు, గుంపుగా తోసుకుంటూ వెళ్ళే ఆటని తగ్గించారు. ఇవాళ మనం ఇష్టంగా చూసే లాంగ్ పాస్ అలా పుట్టింది. సేఫ్టీ రూల్స్ ఆటని చంపేస్తున్నాయని గొణిగేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలని నాకు గట్టిగా ఉంటుంది.

అసలు మలుపు మాత్రం 1976. ఫిలడెల్ఫియాలో జోసెఫ్ టోర్గ్ అనే ఎముకల డాక్టర్ మెడ విరిగిన ఆటగాళ్ళ వివరాలు దేశమంతటినుంచీ సేకరించి, ఆటల ఫిల్ములు పక్కన పెట్టుకుని చూశారు. తల వంచి నడినెత్తితో గుద్దినవాళ్ళకే ఎక్కువగా మెడలు విరుగుతున్నాయని తేల్చారు. ఆ ఏడాదే కాలేజీలూ హైస్కూళ్ళూ తలతో ముందు తాకడాన్ని నిషేధించాయి. మెడ విరిగి కాళ్ళూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడిపోయిన కేసులు ఆయన లెక్కలో 1976లో 34. 1984 నాటికి 5. ఆ మధ్యలోనే హెల్మెట్లకి కచ్చితమైన ప్రమాణం కూడా తప్పనిసరి చేశారు. 1990లో నేరుగా దెబ్బ వల్ల చనిపోయినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక్క రూల్ మార్పు, కోచింగ్‌లో ఒక్క అలవాటు మార్పు ఇంతమంది పిల్లల్ని చక్రాల కుర్చీ నుంచి తప్పించింది. మీ వాదనకి ఇంతకంటే మంచి సాక్ష్యం నా దగ్గర లేదు.

ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ అంత తొందరగా కదల్లేదు. 1978 ఆగస్టులో, సీజన్ ఇంకా మొదలవకముందే, లెక్కలోకి రాని ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో న్యూ ఇంగ్లండ్ రిసీవర్ డారిల్ స్టింగ్లీని ఓక్లండ్ డిఫెండర్ జాక్ టేటమ్ కొట్టాడు. స్టింగ్లీ తనకి అందని బంతి కోసం ఒళ్ళు ముందుకి చాపాడు, అంతలో దెబ్బ తగిలింది. అప్పటికి అతని వయసు 26. 2007లో చనిపోయేదాకా మళ్ళీ నడవలేదు. ఆ దెబ్బకి జెండా పడలేదు, అప్పటి రూల్స్ ప్రకారం అందులో తప్పేం లేదు. ఇవాళ అయితే కాచుకోలేని ఆటగాణ్ణి కొట్టినట్టే లెక్క.

తల వంచి హెల్మెట్‌తో తాకితే, తాకింది ఎవరైనా, ఎక్కడ తాకినా తప్పే అని ఎన్ఎఫ్ఎల్ రాసుకున్నది 2018లో, షేజియర్ దెబ్బ తర్వాత. 2019లో హెల్మెట్‌తో హెల్మెట్‌ని కొట్టినందుకు వోంటాజ్ బర్ఫిక్ట్‌ని ఆ సీజన్‌లో మిగిలిన 12 మ్యాచ్‌లకీ సస్పెండ్ చేశారు, అతను అప్పటికే పదేపదే అలా కొట్టి ఉన్నాడు కాబట్టి. 2024లో హిప్ డ్రాప్ టాకిల్ నిషేధించారు. వెనకనుంచి పట్టుకుని, నడుము తిప్పి, ఒంటి బరువంతా ఎదుటివాడి కాళ్ళ మీద పడేయడం అది. చీలమండలూ మోకాళ్ళూ పోతున్నాయని దాన్ని తీసేశారు. అదే ఏడాది కిక్‌ఆఫ్ (బంతిని తన్ని ఆట మొదలుపెట్టడం) పద్ధతి కూడా మార్చారు, రెండు జట్లూ చెరో వైపు నుంచి గ్రౌండ్ అంతా పరిగెత్తుకొచ్చి ఢీకొట్టుకోకుండా. కిక్‌ఆఫ్ మార్పు ఎంత పనిచేస్తుందో హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు ముందే చూపించాయి. 2016లో బంతి తన్నే చోటుని 40 గజాల గీతకి జరిపారు, దాంతో ఎదుటి జట్టు బంతి పట్టుకుని తిరిగి పరిగెత్తే సందర్భాలు తగ్గాయి. వెయ్యి కిక్‌ఆఫ్‌లకి సుమారు 11 ఉన్న కన్కషన్లు (దెబ్బకి మెదడు అదిరి దాని పని దెబ్బతినడం) 2కి పడిపోయాయి.

ఇక్కడిదాకా మీ వైపు మాట్లాడాను. ఇప్పుడు ఆవిడ వైపు.

హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. ఆ పనిలో దానికి తిరుగులేదు. కానీ మెదడు పుర్రెకి అతుక్కుని ఉండదు, లోపల ద్రవంలో ఉంటుంది. తల ఒక్కసారిగా ఆగినా, పక్కకి గిర్రున తిరిగినా లోపల మెదడు సాగుతుంది, మెలితిరుగుతుంది. బయట ఎంత గట్టి చిప్ప ఉన్నా ఆ కదలికని పూర్తిగా ఆపలేదు. వర్జీనియా టెక్ యూనివర్సిటీ వాళ్ళు హెల్మెట్లకి స్టార్ రేటింగ్ ఇస్తారు, అది చూసి మంచిది వాడితే మేలే. తలకి సరిగ్గా కుదరడం అంతకంటే ముఖ్యం. ఏ హెల్మెట్ వేసినా కన్కషన్ రాదని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి.

కన్కషన్ అని పేరు పెట్టదగ్గ దెబ్బ ఒక ఎత్తు. పేరు పెట్టలేని చిన్న దెబ్బలు మరో ఎత్తు. రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడే లైన్‌లోని పిల్లాణ్ణి చూడండి. బంతి కదిలిన ప్రతిసారీ ఎదుటివాడి హెల్మెట్‌కో భుజానికో తల తగులుతుంది. వాడు కళ్ళు తిరిగి పడిపోడు, తలనొప్పి అనడు, జెండా పడదు, తర్వాతి ప్లేకి మళ్ళీ చేతులు నేలకి ఆనించి వంగుతాడు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల పళ్ళ కవచాల్లో సెన్సర్లు పెట్టి లెక్కించి 2021లో ఫలితాలు చెప్పారు. టాకిల్ ఫుట్‌బాల్ ఆడే ఒక సాధారణ పిల్లాడికి సీజన్‌లో 378 సార్లు తలకి తాకిడి తగిలింది. నడుముకి కట్టిన రిబ్బన్ లాగేసే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడేవాడికి 8 సార్లు.

ఈ లెక్కలు ఎందుకు చెబుతున్నానంటే, సీటీఈ అనే మెదడు జబ్బు గురించి మీరు వినే ఉంటారు. 2002లో చనిపోయిన పిట్స్‌బర్గ్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడులో డాక్టర్ బెనెట్ ఒమాలు దాన్ని చూపించిన తర్వాతే దేశం అటు తిరిగి చూసింది. 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షించిన 111 మంది ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళలో 110కి ఆ జబ్బు ఉంది. ఆ అంకె చూసి గుండె ఆగినంత పనవుతుంది, కానీ జాగ్రత్తగా చదవాలి. అవి కుటుంబాలు స్వయంగా ఇచ్చిన మెదళ్ళు, చాలామంది లక్షణాలు చూసి అనుమానంతో ఇచ్చినవే. ఆడినవాళ్ళందరికీ అంత శాతం వస్తుందని దానర్థం కాదు. నా దృష్టిలో అంతకంటే విలువైనది 2023లో 631 మంది ఆటగాళ్ళ మెదళ్ళ మీద బోస్టన్ పరిశోధకులే చేసిన పని. ఎన్ని కన్కషన్లు అయ్యాయన్నదానికీ జబ్బుకీ సంబంధం కనబడలేదు. జీవితకాలంలో తలకి తగిలిన తాకిడి మొత్తం ఎంత అన్నదానికి కనబడింది. అంటే ఎన్నేళ్ళు ఆడాడు, ఏ పొజిషన్‌లో ఆడాడు, వారానికి ఎన్నిసార్లు గుద్దుకున్నాడు అన్నవే లెక్క. రెండు మూడేళ్ళు స్కూల్లో ఆడి మానేసిన పిల్లాడూ, చిన్నప్పటినుంచి ఇరవై ఏళ్ళు ఆడిన లైన్‌మనూ ఒకటి కాదు.

మొత్తం తాకిడే ముఖ్యమైతే, ఎక్కువ వాటా మ్యాచ్‌లది కాకపోవచ్చు. వారానికి మ్యాచ్ ఒకటి, ప్రాక్టీస్ నాలుగైదు రోజులు. అందుకే నేను పేరెంట్స్‌కి ఎప్పుడూ ప్రాక్టీస్‌కి వెళ్ళి చూడమని చెబుతాను. టెక్సాస్‌లో స్కూల్ ఆటల్ని నడిపే యూఐఎల్ 2013 నుంచి సీజన్‌లో ఒక్కో పిల్లాడికి వారానికి 90 నిమిషాలకి మించి ఫుల్ కాంటాక్ట్ ఉండకూడదని పెట్టింది. ఎన్ఎఫ్ఎల్లోనే 2011 ఒప్పందం నుంచి సీజన్ మొత్తానికి ప్యాడ్స్‌తో ప్రాక్టీస్ 14 సార్లే. లక్షల డాలర్లు తీసుకునే పెద్దవాళ్ళే అంత తగ్గించుకున్నప్పుడు పన్నెండేళ్ళ పిల్లలకి రోజూ గుద్దులాట పెట్టే కోచ్‌ని నేను ఒప్పుకోలేను. డార్ట్‌మత్ కాలేజ్ కోచ్ బడీ టీవెన్స్ 2010లో ప్రాక్టీస్‌లో ఆటగాళ్ళు ఒకర్నొకరు టాకిల్ చేయడం పూర్తిగా ఆపేశారు. బొమ్మల మీద, కదిలే రోబో మీద నేర్పించారు. టీమ్ చెడిపోలేదు, కొన్నేళ్ళకి లీగ్ టైటిల్ గెలిచింది. మంచి కోచ్ 90 నిమిషాల్లో సగం కూడా వాడడు. మిగతా సమయం అడుగులు, దూరం, తల ఏ వైపు ఉండాలి అన్నవి నేర్పిస్తాడు.

ఇప్పుడు దెబ్బ తగిలాక ఏం జరుగుతుందో చెబుతాను, మీకు కళ్ళకి కట్టాలి. పిల్లాడు లేచి తన హడిల్‌కి (ప్లేకి ముందు జట్టు గుమిగూడే చోటు) బదులు ఎదుటి టీమ్ హడిల్ వైపు రెండడుగులు వేశాడనుకోండి. నాకది చాలు. బయటికి తెచ్చి ముందు హెల్మెట్ తీసేసుకుంటాను. అది వాడి చేతిలో ఉంటే నేను అటు తిరిగేలోపు మళ్ళీ లోపలికి వెళ్ళిపోతాడు. ఇది ఏ క్వార్టర్, చివరి స్కోర్ ఎవరిది, పోయిన వారం ఎవరితో ఆడాం అని అడుగుతాను. ఐదు మాటలు చెప్పి తిరిగి చెప్పమంటాను, కాసేపయ్యాక మళ్ళీ అవే అడుగుతాను. కళ్ళు మూసుకుని ఒక పాదం వెనక ఒక పాదం పెట్టి నిలబడమంటాను. ఇంత చేస్తున్నంతసేపూ వాడు "అయామ్ గుడ్" అంటూనే ఉంటాడు. ఆ మాటని నేను లెక్కలోకి తీసుకోను. అనుమానం ఉంటే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే.

ఇది నా మంకుపట్టు కాదు, చట్టమే అలా చెబుతోంది. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెట్ అనే 13 ఏళ్ళ పిల్లాడికి తలకి దెబ్బ తగిలింది. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ ఆడించారు. ఆట అయ్యాక కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావం, ఆపరేషన్లు, మళ్ళీ మాట్లాడడానికీ నిలబడడానికీ ఏళ్ళు పట్టింది. 2009లో అక్కడ అతని పేరు మీద చట్టం వచ్చింది, 2014కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ అలాంటివి వచ్చాయి. టెక్సాస్‌ది 2011. దాన్ని ప్రతి పేరెంట్ చదవాలి. మనవాళ్ళు చాలామంది స్కూల్ పంపిన కన్కషన్ ఫారం చూడకుండానే సంతకం పెట్టేస్తారు. పిల్లాడికి కన్కషన్ అయి ఉండొచ్చని కోచ్‌కి గానీ, డాక్టర్‌కి గానీ, నాలాంటి లైసెన్స్ ఉన్నవాళ్ళకి గానీ, తల్లికో తండ్రికో గానీ అనిపిస్తే చాలు, వెంటనే బయటికి తీసేయాలి. మళ్ళీ ఆడాలంటే డాక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఆ డాక్టర్ని ఎంచుకునే హక్కు మీదే. ఆడొచ్చని చెప్పే అధికారం కోచ్‌కి లేదు. ఆ తర్వాత కూడా తేలికపాటి నడకతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా, మెట్టుకి కనీసం ఒక రోజు చొప్పున పెంచుతాం. క్లాసులో కూర్చుని తలనొప్పి లేకుండా చదవగలగడం అన్నిటికంటే ముందు.

ఇందులో పేరెంట్స్ చేసే పొరపాటు ఒకటి ఎక్కువగా చూస్తుంటాను. పిల్లాడు ఇంటికొచ్చి తలనొప్పి అంటే ఒక మాత్ర ఇచ్చి పడుకోబెట్టేస్తారు, ట్రైనర్‌కి చెప్పరు. పొద్దున్నకి తగ్గినట్టుంటుంది, వాడు మళ్ళీ ప్రాక్టీస్‌కి వస్తాడు. మొదటి దెబ్బ మానకముందు రెండోది తగిలితే పిల్లల మెదడు విపరీతంగా వాచిపోయే ప్రమాదం ఉంది, అరుదే గానీ ప్రాణాలు పోతాయి. దయచేసి నాకో, మీ స్కూల్ ట్రైనర్‌కో అదే రాత్రి మెసేజ్ పెట్టండి. వాంతులవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, ఒక కంటిపాప పెద్దగా కనబడినా, లేపితే సరిగ్గా లేవకపోయినా మెసేజ్‌లు వద్దు, 911కి ఫోన్ చేయండి.

రూల్ ఉన్నా మనిషి గట్టిగా నిలబడకపోతే ఏమవుతుందో 2022లో దేశమంతా చూసింది. మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా ఆదివారం తల నేలకి తగిలి, లేచి తూలిపోయాడు. వెన్నునొప్పి అన్నారు, మళ్ళీ ఆడించారు. నాలుగు రోజుల తర్వాత గురువారం మ్యాచ్‌లో మళ్ళీ పడ్డాడు, వేళ్ళు బిగుసుకుపోయాయి, స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. టీమ్‌లకి సంబంధం లేని న్యూరో డాక్టర్లు పక్కన ఉండే లీగ్‌లో జరిగిందిది. ఆ తర్వాత పది రోజుల్లోగానే రూల్ మార్చారు: తూలితే కారణం ఏదైనా ఆ రోజు ఇక ఆట లేదు.

దెబ్బల గురించి అడిగారు గానీ, ఆగస్టు ఎండ గురించి చెప్పకుండా వదల్లేను. మనం రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్ళం, డాలస్ ఎండ మనకో లెక్కా అనుకుంటాం. ఆ ఎండలో మనమెవరం హెల్మెట్, ప్యాడ్స్ వేసుకుని పరుగులు తియ్యలేదు. ప్యాడ్స్ లోపల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. 2001లో మినెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ ట్రైనింగ్ క్యాంప్‌లో వడదెబ్బతో చనిపోయాడు. 2018లో మేరీలాండ్ యూనివర్సిటీలో 19 ఏళ్ళ జోర్డన్ మెక్‌నేర్ పరుగుల ప్రాక్టీస్‌లో కుప్పకూలి రెండు వారాలకి చనిపోయాడు. అతన్ని వెంటనే ఐస్ నీళ్ళలో ముంచలేదు. దీన్ని ఆపొచ్చు. కుప్పకూలిన పిల్లాణ్ణి అరగంటలోపు చల్లబరిస్తే దాదాపు ప్రతిసారీ బతుకుతాడు. అంబులెన్స్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు, ముందు ఐస్ టబ్‌లో ముంచాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. మొదటి రోజుల్లోనే పూర్తి ప్యాడ్స్ వేసి గంటలు గంటలు పరిగెత్తించే కోచ్ కనబడితే మాట్లాడాల్సిందే.

గుండె సంగతీ అంతే. 2023 జనవరి 2న బఫలో ఆటగాడు డమార్ హామ్లిన్ మామూలు టాకిల్ చేసి లేచి నిలబడి పడిపోయాడు. గుండె ఆగింది. ఆ దెబ్బలో తప్పు లేదు, జెండా పడలేదు. నిమిషాల్లోపే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, ఏఈడీతో (ఆగిన గుండెకి షాక్ ఇచ్చే చిన్న యంత్రం) షాక్ ఇచ్చారు కాబట్టి బతికాడు, మళ్ళీ ఆడాడు.

ఇక మీవాడి సంగతి. ఏడో తరగతిలో కొందరు పిల్లలు అప్పుడే మీసాలు మొలిచి 150 పౌండ్లుంటారు, కొందరు 85 పౌండ్లుంటారు, ఒకే గ్రౌండ్‌లో ఆడతారు. మీవాడు ఒంట్లో చిన్నవాడైతే, మెడ ఇంకా సన్నగా ఉంటే, ఈ రెండేళ్ళూ ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడించి తొమ్మిదో తరగతిలో టాకిల్‌లోకి పంపమని నా సలహా. పాస్ పట్టడం, ఎటు పరిగెత్తాలో తెలుసుకోవడం, పరుగు, అన్నీ అందులోనే వస్తాయి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది కాబట్టి అదేదో చిన్నపిల్లల ఆట అని మీవాడు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. స్నేహితులంతా టీమ్‌లో ఉన్నారు, వాడికి మనసంతా అక్కడే ఉంది, ఒళ్ళు కూడా సరిపోతుంది అంటే, చేర్పించడం తప్పని నేననను. నేను రోజూ చూసే పిల్లల్లో ఎక్కువమంది ఈ ఆట వల్ల బాగుపడ్డవాళ్ళే. అప్పుడు మాత్రం ఏ పొజిషన్‌లో ఆడిస్తారో కనుక్కోండి, ఎందుకంటే లైన్‌లో ఉండేవాడికీ మూలన ఉండే రిసీవర్‌కీ తాకిడి లెక్క చాలా తేడా.

సీజన్‌కి ముందు స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ పెడతారు. కోచ్‌ని వారంలో ఏయే రోజులు ఫుల్ కాంటాక్ట్, ఎన్నేసి నిమిషాలు అని అడగండి. వెంటనే చెప్పగలిగితే ఆయన లెక్క పెట్టుకుంటున్నట్టు. టాకిల్ ఎలా నేర్పిస్తారో చూపించమనండి, "కళ్ళు పైకి, తల పక్కకి, భుజంతో" అన్న మాటలు ఆయన నోటివెంట రావాలి. మిడిల్ స్కూల్ మ్యాచ్‌లకి అథ్లెటిక్ ట్రైనర్ వస్తారా, హైస్కూల్‌కే పరిమితమా అడగండి. చాలా చోట్ల అసలు లోటు ఇక్కడే ఉంటుంది. ఏఈడీ ఎక్కడుంది, తాళం వేసిన గదిలోనా గ్రౌండ్ పక్కనా, ఆగస్టు ప్రాక్టీస్‌లో ఐస్ టబ్ నీళ్ళు నింపి సిద్ధంగా ఉంటుందా అని కూడా అడగండి. కోచ్ విసుక్కుంటే మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

ఆ మీటింగ్‌కి మీరొక్కరే వెళ్ళకండి, ఆవిడని కూడా తీసుకెళ్ళండి. సాయంత్రం ఇంట్లో వాడు తిండి సరిగ్గా తినకపోయినా, లైటు చూసి కళ్ళు చిట్లించినా, అడిగిందే మళ్ళీ అడిగినా ముందు గమనించేది ఆవిడే అని మీ మాటల్ని బట్టి నాకు అర్థమైంది. ట్రైనర్ ఫోన్ నంబర్ ఆవిడ ఫోన్లో కూడా ఉండాలి. చట్టం ఇచ్చిన హక్కు ఆవిడకీ ఉంది: అనుమానం వస్తే గ్రౌండ్ పక్కకి వచ్చి మావాణ్ణి బయటికి తియ్యండి అని చెప్పొచ్చు, కోచ్ తీసి తీరాలి.